క్రేన్ క్యాబిన్‌లో రెండు రేడియోలు



ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్న. క్యాంపులో నెట్ సరిగ్గా రాక ఆడియో మధ్యలో ఆగిపోతున్నదని చాలామంది చెప్పిన్రు, వాళ్ల కోసం. మాట్లాడేటప్పుడు తొందరలో వదిలేసిన సంగతులు కొన్ని ఇందులో కలిపిన. నేను ఖతార్‌లో బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌ని, ఇంజినీర్‌ని కాదు. పాత కరీంనగర్ జిల్లాలో ఐటీఐ చదివిన, రేడియో టీవీ మెకానిక్ ట్రేడ్. ఆ సర్టిఫికెట్‌తోని ఒక్కరోజు కూడా ఉద్యోగం చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో ఈ కథలోనే వస్తది.

2014లో నేను పనిచేసిన ఒక సైట్‌లో టవర్ క్రేన్ ఆపరేటర్ క్యాబిన్‌లో రెండు వాకీటాకీలు ఉండేవి. ఒకటి మెయిన్ కాంట్రాక్టర్ ఇచ్చిన కొత్త డిజిటల్ సెట్. ఇంకొకటి స్టీల్ పని చేసే సబ్ కాంట్రాక్టర్ వాళ్ల పాత అనలాగ్ సెట్. చూడ్డానికి రెండూ ఒక్కతీరుగనే ఉంటయి, నల్ల డబ్బా, పొట్టి యాంటెనా. కానీ ఒకదాని మాట ఇంకొకదానికి తెలవదు. డిజిటల్ సెట్ మాట పాత సెట్‌లో పడితే గర్రుమని మిషన్ కుట్టినట్టు చప్పుడు తప్ప ఏమీ రాదు. అందుకని ఆపరేటర్, కేరళ ఆయన, రెండింటినీ సీటు పక్కన తగిలించుకుని కూర్చునేటోడు.

ఒకరోజు మధ్యాహ్నం సరియా కట్ట పైకి లేస్తున్నది. ఆపరేటర్‌కు కింద ఏం జరుగుతున్నదో కనపడదు, బ్లైండ్ లిఫ్ట్. రిగ్గర్ మాట మీదనే నడిపియ్యాలె. కట్ట ఒక పక్కకు తిరగడం చూసి సబ్ కాంట్రాక్టర్ రిగ్గర్ తన రేడియోలో "స్టాప్, స్టాప్" అని అరిచిండు. క్యాబిన్‌లో ఆ పాత సెట్ బ్యాటరీ అప్పటికే అయిపోయింది. కొత్త సెట్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నది. అందులో ఎవరో కాంక్రీట్ పంప్ ఎప్పుడొస్తది అని అడుగుతున్నరు. కట్ట వచ్చి స్కఫోల్డింగ్‌కు తగిలింది. సిరిసిల్ల పిల్లగాడు ఒకడు కింద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నడు. ప్రాణం పోలేదు, అంతవరకు దేవుని దయ. రిపోర్ట్‌లో కారణం అనే గడిలో "బ్యాటరీ చార్జ్ చెయ్యలేదు" అని రాసిన్రు. నేను కూడా కింద సంతకం పెట్టిన.

రాత్రి రూంకు వచ్చి పండుకుంటే నిద్ర పట్టలేదు. బ్యాటరీ సరే. అసలు రెండు రేడియోలు ఎందుకుండాలె? ఒక్క రేడియో రెండు భాషలు ఎందుకు మాట్లాడదు? రేడియో చదివినోడిని, ఈ ప్రశ్న నాకు ఐటీఐలోనే రావాల్సింది. అప్పటి నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా దీని వెనక కథ వెతుక్కుంటూ వచ్చిన. దానికి ఇంగ్లిష్‌లో సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో అని పేరు. సాఫ్ట్‌వేర్ రేడియో అంటే చాలు మనకు.

మా బాపు మస్కట్‌లో మేస్త్రీ పని చేసి వచ్చేటప్పుడు టూ-ఇన్-వన్ తెచ్చిండు. గల్ఫ్ పోయొచ్చిన ఇంటికి అదే గుర్తు అప్పట్ల. పొద్దుగాల ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, సాయంత్రం హైదరాబాద్ స్టేషన్, 738 కిలోహెర్ట్జ్. ముల్లు ఎక్కడ ఆగాలో గాజు మీద బాల్‌పెన్‌తో గీత గీసి పెట్టుకున్నడు. అది చెడిపోతే విప్పి చూసింది నేనే. లోపల చిన్న చిన్న డబ్బాలు, వాటి నెత్తిన ఎర్ర రంగు, పసుపు, తెలుపు, నలుపు చుక్కలు. అవేందో తెలుసుకోవాలనే ఆ ట్రేడ్‌లో చేరిన.

ఆ రంగుల డబ్బాలు కాయిళ్లు. ఎర్రది ఆసిలేటర్, మిగిలినవి ఐఎఫ్‌టీలు. స్టేషన్ ఏదైనా సరే, దాన్ని 455 కిలోహెర్ట్జ్ అనే ఒక్క ఫ్రీక్వెన్సీకి దించుకుని, అక్కడ వడకట్టి, పెంచి, గొంతు బయటికి తీస్తది రేడియో. ఈ పద్ధతిని ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికన్ 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం కాలంలో కనిపెట్టిండు. మా సారు చేతికి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ ఇచ్చి ఆ కాయిళ్లు తిప్పమనేది. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే ఇనుము దగ్గరికి రాంగనే కాయిల్ గుణం మారిపోతది, తీయంగనే మళ్లీ తప్పుతది. మిల్లీమీటర్‌లో పావు వంతు తిప్పితే గొంతు తేటపడేది. ఆ క్షణం కోసమే నేను రోజూ క్లాస్‌కు పోయిన.

ఇక్కడ అసలు సంగతి గమనించాలె. రేడియో గుణమంతా ఆ కాయిళ్లల్ల, కెపాసిటర్లల్ల సోల్డర్ చేసి పెట్టింది. ఏఎం కోసం కట్టింది ఏఎం మాత్రమే వింటది. ఎఫ్ఎం కావాలంటే 10.7 మెగాహెర్ట్జ్‌కు ఇంకో సెట్టు కాయిళ్లు. పోలీసు రేడియో వేరు, ఓడ రేడియో వేరు, విమానం రేడియో వేరు. కొత్త భాష నేర్పాలంటే కొత్త డబ్బా కొనాల్సిందే. నేను పాసై బయటికి వచ్చేసరికి ఆ కాయిళ్లు తిప్పే పని కూడా పోయింది. అంతా ఒక చిప్‌లోకి పోయింది, చెడిపోతే పారెయ్యడమే. రేడియో షాపులు మొబైల్ షాపులైనయి. నేను ఎలక్ట్రీషియన్ హెల్పర్‌గా విమానం ఎక్కిన.

అమెరికాలో జోసెఫ్ మిటోలా అనే ఇంజినీర్ 1990ల మొదట్లో ఒక మాట అన్నాడు. 1992లో పేపర్ రాశాడు, 1995లో ఒక పెద్ద ఇంజినీరింగ్ పత్రిక ఈ విషయం మీద ప్రత్యేక సంచికే వేసింది. ఆయన చెప్పింది వింటే తేలిక. గాలిలో వచ్చే అలను యాంటెనా దగ్గరనే అంకెలుగా మార్చేయాలి. ఆ తర్వాత వడకట్టడం, దించడం, గొంతు తియ్యడం, అంతా లెక్కలే, కంప్యూటర్ చేసుకుంటుంది. కాయిల్ ఉండదు, రంగుల డబ్బా ఉండదు. ఇవాళ ఎఫ్ఎం రేడియో, రేపు పోలీసు రేడియో, ఎల్లుండి సెల్ టవర్. డబ్బా అదే, ప్రోగ్రాం మారుతుంది. ఫోన్‌లో కొత్త యాప్ వేసుకున్నట్టు.

ఈ ఆశ ఎవరికి ఎక్కువ అవసరం? సైన్యానికి. 1983 అక్టోబర్‌లో అమెరికా గ్రెనడా అనే చిన్న దీవి మీద దాడి చేసింది. అక్కడ పదాతి దళం రేడియోలు, నావికాదళం రేడియోలు ఒకదానితో ఒకటి కలవలేదు. కొండ మీద ఉన్న సిపాయి సముద్రంలో ఉన్న తమ ఓడతో సరిగ్గా మాట్లాడలేకపోయాడు. ఒక సైనికుడు మామూలు టెలిఫోన్ నుంచి అమెరికాకు ఫోన్ చేసి సాయం అడిగించాడని కూడా కథగా చెప్పుకుంటరు. కథ సంగతి ఎట్లున్నా రేడియోలు కలవకపోవడం మాత్రం నిజం. మన క్రేన్ క్యాబిన్ లాంటిదే, కాకపోతే తుపాకులతో.

అందుకని 1992లో స్పీక్‌ఈజీ అనే పేరుతో సైన్యం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. 2 మెగాహెర్ట్జ్ నుంచి 2 గిగాహెర్ట్జ్ దాకా, రకరకాల పాత సైనిక రేడియోల భాషలన్నీ ఒక్క పెట్టె మాట్లాడాలి. మాట్లాడింది కూడా. కానీ మొదటి విడతలో ఆ పెట్టె ట్రక్కు వెనక భాగమంతా నిండిపోయింది. చేతిలో పట్టుకునే రేడియోను మొయ్యడానికి ట్రక్కు కావాలన్నట్టు. అయినా ఆలోచన తప్పు కాదని తేలింది, రెండో విడతలో పెట్టె చిన్నదైంది.

అక్కడ ఆగి చిన్న చిన్నగా ముందుకు పోతే కథ వేరేగా ఉండేదేమో. 1997లో జేటీఆర్ఎస్ అనే మహా పథకం మొదలైంది, జాయింట్ టాక్టికల్ రేడియో సిస్టమ్. సైన్యంలోని అన్ని విభాగాల రేడియోలన్నీ తీసేసి, ఒకే కుటుంబం సాఫ్ట్‌వేర్ రేడియోలు పెట్టాలని. ట్యాంకుల్లో, జీపుల్లో పెట్టే రేడియో కాంట్రాక్టు 2002లో బోయింగ్‌కు ఇచ్చారు.

మన సైట్ మీద ఉన్నోళ్లకు ఈ కథ చెప్పక్కరలేదు. డ్రాయింగ్ రివిజన్ ఎ వస్తది, పోత పోస్తం. రివిజన్ బి వస్తది, పగలగొడతం. సి వచ్చేసరికి క్లయింట్‌కు ఇంకో అంతస్తు కావాలనిపిస్తది. జేటీఆర్ఎస్‌లో అదే జరిగింది. పాత రేడియోల భాషలు మాట్లాడితే చాలు అని మొదలైంది. తర్వాత ఇంటర్నెట్ లాంటి నెట్‌వర్క్ కూడా అదే మొయ్యాలన్నారు, ప్రతి బండి ఒక టవర్‌లాగా పక్క బండికి సమాచారం అందియ్యాలన్నారు. శత్రువు వినకుండా రహస్య సంకేతాలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి, వాటికి భద్రతా సంస్థ ఒప్పుకోవాలి. పని పెరిగిన కొద్దీ చిప్పులు పెరిగినయి. చిప్పులు పెరిగితే వేడి, వేడి పెరిగితే బరువు, బరువుకు తగ్గ కరెంటు. ఇక్కడ ఎండాకాలం కంట్రోల్ ప్యానెల్ ట్రిప్ అవుతుంటే చూసినోళ్లకు వేడి అంటే ఏందో తెలుసు. ఆ బండి రేడియో పథకాన్ని 2011 అక్టోబర్‌లో రద్దు చేశారు. పదిహేనేళ్లు, దాదాపు 600 కోట్ల డాలర్లు పోయాయని పత్రికలు లెక్క రాశాయి. ఈలోపు సైనికులు యుద్ధాల్లో ఏం చేశారంటే, మామూలుగా తయారైన రేడియోలు కొనుక్కుని వాడుకున్నారు.

నాకు ఇందులో బాధ కలిగేది డబ్బు కాదు. ఆ అవసరం నిజమైనది. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో మొదట సౌత్ టవర్ కూలింది, ఉదయం 9:59కి. నార్త్ టవర్ కూలింది 10:28కి. మధ్యలో 29 నిమిషాలు. పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్లు నార్త్ టవర్ పరిస్థితి చూసి తమ రేడియోలో హెచ్చరించాయి. ఫైర్ డిపార్ట్‌మెంట్ రేడియోలు వేరు, ఆ మాట లోపలున్న ఫైర్‌మెన్‌కు చేరలేదు. బయటికి రమ్మని వాళ్ల సొంత అధికారులు ఇచ్చిన ఆర్డర్ కూడా చాలామందికి వినపడలేదు, అంత ఎత్తు బిల్డింగ్‌లో సిగ్నల్ అందక, చానళ్లు కిక్కిరిసి. ఆ రోజు మొత్తం 343 మంది ఫైర్‌మెన్ పోయారు. అందరూ రేడియో వల్లనే పోయారని అనడం తప్పు. కానీ హెచ్చరిక ఒక రేడియోలో ఉంది, మనుషులు ఇంకో రేడియో పట్టుకుని ఉన్నారు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేసి కూర్చున్న.

అదే సెప్టెంబర్ నెలలో, ముందే నడుస్తున్న ఫైలు ప్రకారం, అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సాఫ్ట్‌వేర్ రేడియోలకు మొదటి రూల్స్ పెట్టింది. వాళ్ల తలనొప్పి వేరే రకం. పాత రేడియోకు ఒకసారి పరీక్ష పెట్టి ముద్ర వేస్తే అది జీవితాంతం అట్లనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రేడియో ఈరోజు మంచి పిల్లగాడు, రేపు ప్రోగ్రాం మారిస్తే విమానాల ఫ్రీక్వెన్సీలో దూరొచ్చు. ముద్ర దేని మీద వెయ్యాలి, డబ్బా మీదనా, ప్రోగ్రాం మీదనా? ఈ ప్రశ్న ఇప్పటికీ పూర్తిగా తెగలేదు.

ఆ రూల్స్ కింద మొదటి ముద్ర 2004 నవంబర్‌లో పడింది. అది వాను బోస్ కంపెనీకి. ఈ మనిషి కథ నాకు చాలా ఇష్టం. తాత నోని గోపాల్ బోస్ బెంగాల్‌లో బ్రిటిష్ వాళ్లను ఎదిరించి, అమెరికా పారిపోయి ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇల్లు గడవకపోతే కొడుకు అమర్, ఇంకా స్కూల్ పిల్లగాడు, రేడియోలు రిపేరు చేసి ఇంటికి డబ్బులు తెచ్చాడు. ఆ అమరే తర్వాత బోస్ స్పీకర్ల కంపెనీ పెట్టినాయన. ఆయన కొడుకు వాను. అంటే తండ్రి సోల్డరింగ్ ఐరన్‌తో చేసిన పనిని కొడుకు ప్రోగ్రాంతో చేశాడు. మా సారుకు ఈ సంగతి చెప్పాలని ఉండె, ఆయన పోయి చాలా ఏళ్లయింది.

వాను చేసింది సెల్ టవర్ల పెట్టె. మామూలు కంప్యూటర్ సర్వర్ మీద జీఎస్ఎం టవర్ పనంతా నడిపించాడు. సైన్యం లాగ అన్నీ ఒకేసారి చెయ్యబోలేదు. చేతిలో పట్టుకునేది చెయ్యబోలేదు, బ్యాటరీ గోల లేదు. టవర్ కింద గది ఉంటుంది, కరెంటు ఉంటుంది, ఏసీ ఉంటుంది. టెక్సాస్‌లో ఒక చిన్న పల్లెటూరి సెల్ కంపెనీకి మొదట అమ్మాడు. 2017లో ప్యూర్టోరికో దీవిని తుఫాను కొట్టి టవర్లు చాలావరకు పనిచెయ్యకుండా పోతే తన పరికరాలు అక్కడికి పంపించాడు. అదే నవంబర్‌లో 52 ఏళ్లకే చనిపోయాడు.

ఇంకో దారి ఉంది, డబ్బు లేనోళ్ల దారి. 2001లో ఎరిక్ బ్లాసమ్ అనే ఆయన, జాన్ గిల్మోర్ ఇచ్చిన డబ్బుతో, గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మ్యాట్ ఎటస్ అనే ఇంకో ఆయన దానికి సరిపోయే పెట్టె తయారుచేశాడు. మన జీతాలకు అందే ధర కాదు గానీ, కాలేజీలకు అందింది. వీటి మీద కట్టిన ఓపెన్‌బీటీఎస్ అనే సొంత సెల్ టవర్‌ను 2008లో అమెరికా నెవాడా ఎడారిలో జాతర లాంటి పండుగలో నడిపి చూశారు. 2010లో పసిఫిక్ సముద్రంలో నియుయే అనే బుల్లి దీవిలో పెట్టారు.

ఇక అందరికీ అందింది 2012లో, అదీ పొరపాటున దొరికినట్టు. కంప్యూటర్‌కు గుచ్చి టీవీ చూసుకునే చవక యూఎస్‌బీ డాంగిల్ ఒకటి ఉండేది, లోపల రియల్‌టెక్ కంపెనీ చిప్. అది టీవీ సిగ్నల్‌ను తనే విప్పుతుంది. కానీ ఎఫ్ఎం రేడియో వినిపించేటప్పుడు మాత్రం విప్పకుండా పచ్చి అంకెలు కంప్యూటర్‌కు పంపిస్తున్నదని ఆంటి పాలోసారి అనే ఫిన్లాండ్ ప్రోగ్రామర్ గమనించాడు. పచ్చి అంకెలంటే మిటోలా అడిగింది అదే కదా. దాంతో 20 డాలర్ల టీవీ డాంగిల్ ఒక్కసారిగా సాఫ్ట్‌వేర్ రేడియో అయిపోయింది. సైన్యం ట్రక్కులో మోసింది జేబులోకి వచ్చింది.

నేను దాన్ని చూసింది 2018లో, సెలవు మీద ఇంటికి పోయినప్పుడు, హైదరాబాద్‌లో హామ్ లైసెన్స్ ఉన్న ఒక పెద్దాయన ఇంట్లో. సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని 1983 నుంచి ఉంది, దాని దగ్గర నేర్చుకున్నోళ్లలో ఆయనొకరు. శ్రీహరికోట నుంచి 2005లో హామ్‌ల కోసం హామ్‌శాట్ ఉపగ్రహం పోయినప్పటి సంగతులు చెప్పిండు. లాప్‌టాప్‌లో డాంగిల్ గుచ్చిండు. తెర మీద నీలం రంగు జలపాతం కిందికి జారుతున్నది, మధ్యమధ్యన పసుపు గీతలు. ఒక్కో గీత ఒక్కో స్టేషన్. నాకు చెవితోని తప్ప తెలవని రేడియో కంటికి కనపడ్డది. 101.9 దగ్గర మౌస్ పెడితే ఎఫ్ఎం రెయిన్‌బో పాట. ప్రోగ్రాం మార్చి 1090 మెగాహెర్ట్జ్‌కు పోతే విమానాలు తమ నంబర్, ఎత్తు, స్థానం చెప్పుకుంటూ పోతున్నయి, మ్యాప్ మీద చిన్న బొమ్మలు. ఒకటి శంషాబాద్ నుంచి లేచి పడమటి దిక్కు తిరిగింది. దోహా ఫ్లైట్. "ఇంకో పది రోజులకు మీరూ ఇందులనే" అన్నడు పెద్దాయన. మా చిన్నోడు ఆ బొమ్మ తెర అంచు దాటేదాకా చూస్తనే ఉన్నడు.

నేను ఆత్రంగా అడిగిన, 738 పెట్టండి సార్, బాపు స్టేషన్. ఆయన నవ్విండు. ఈ డాంగిల్ 24 మెగాహెర్ట్జ్ కింద వినలేదట. మీడియం వేవ్ కావాలంటే ముందర ఇంకో డబ్బా తగిలియ్యాలె. బాపు టూ-ఇన్-వన్‌లో గాజు మీద బాల్‌పెన్ గీత దగ్గర దొరికేది, కంప్యూటర్ రేడియోలో దొరకలేదు.

అక్కడ నాకు అర్థమైంది, ఈ టెక్నాలజీ కష్టమంతా ప్రోగ్రాంలో లేదు, ప్రోగ్రాంకు ముందర ఉన్నది. అలను అంకెలుగా మార్చే చిప్ సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తదనేది మొదటి అడ్డం. ఎంత వెడల్పు పట్టుకోవాలంటే దానికి కనీసం రెండింతలు కొలవాలె. ఎఫ్ఎం బ్యాండ్ మొత్తం, 88 నుంచి 108, ఒకేసారి కావాలంటే సెకనుకు 4 కోట్ల కొలతలకు తక్కువ కావద్దు. ఈ డాంగిల్ నికరంగా చేసేది 24 లక్షలు. అందుకని చిన్న కిటికీలోంచి చూసినట్టు ముక్కముక్కగా చూస్తది.

రెండో అడ్డం ఇంకా మొండిది. ఆ కొలబద్ద మీద ఎన్ని గీతలున్నయి అని. డాంగిల్‌ది 8 బిట్లు, అంటే 256 గీతలు మాత్రమే. పెండ్లి బారాత్‌లో డీజే పక్కన నిలబడి, వీధి చివర ఎవరో గుసగుసలాడితే వినాలనుకోండి. డీజేకు సరిపోయేట్టు చెవి తగ్గిస్తే గుసగుస ఒక్క గీత కూడా దాటదు. గుసగుసకు సరిపోయేట్టు పెంచితే డీజే చెవి పగలగొడతది, అంతా గోలే. కాయిళ్ల రేడియో ఏం చేసేదంటే డీజేను గుమ్మం దగ్గరనే ఆపేది, వడకట్టి. సాఫ్ట్‌వేర్ రేడియోకు గుమ్మం తీసేస్తిమి కదా, అందరూ లోపలికొస్తరు. ఎక్కువ బిట్లు పెట్టొచ్చు, ఒక్కో బిట్‌కు 6 డెసిబెల్స్ చొప్పున చెవి మెరుగైతది. కానీ వేగం, బిట్లు రెండూ పెంచితే కరెంటు తాగుతది, వేడెక్కుతది, ధర పెరుగుతది. కాబట్టి చివరికి అందరూ చేసిందేమిటంటే, గుమ్మం దగ్గర కొన్ని కాయిళ్లు, ఫిల్టర్లు మళ్లీ తెచ్చి పెట్టిన్రు. ఇది తెలిసినప్పుడు నాకు లోపల్లోపల సంతోషమే అయింది, అబద్ధమెందుకు. యాంటెనా కూడా అంతే. దాని పొడుగు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటది, ప్రోగ్రాం మారిస్తే ఇనుము సాగదు.

ఇప్పుడు మన పనికి దగ్గర సంగతి. 2019 జనవరిలో ట్రెండ్ మైక్రో అనే సెక్యూరిటీ కంపెనీ పరిశోధకులు ఒక రిపోర్ట్ ఇచ్చారు, క్రేన్లు, హాయిస్ట్‌లు నడిపే రేడియో రిమోట్ల మీద. మనోళ్లు నడుముకు బెల్ట్ కట్టుకుని బటన్లు నొక్కే పసుపు రంగు రిమోట్లు తెలుసుగా, అలాంటివే. ఏడు కంపెనీల రిమోట్లను చూశారు, యజమానుల అనుమతితో నిజమైన సైట్లకు పోయి పరీక్షించారు. సాఫ్ట్‌వేర్ రేడియోతో ఆ రిమోట్ సిగ్నల్‌ను రికార్డ్ చేసి, మళ్లీ గాలిలోకి వదిలితే క్రేన్ కదిలింది. ఎమర్జెన్సీ స్టాప్ సిగ్నల్‌ను మళ్లీ మళ్లీ వదిలితే క్రేన్ కదలకుండా ఆగిపోయింది. చాలా రిమోట్లలో సిగ్నల్‌కు తాళం లేదు. కట్టినోళ్ల ఆలోచన ఏందంటే, ఈ భాష మాట్లాడే డబ్బా మా దగ్గరనే ఉన్నది కదా, ఇంకెవరు మాట్లాడతరు అని. అన్ని భాషలు మాట్లాడే డబ్బా వచ్చినంక ఆ ధీమా పోయింది.

ఆ రిపోర్ట్ వచ్చినంక మా సైట్‌లో నేను పట్టుబట్టి రిమోట్ కీ ఎవరి దగ్గరుందో రాసే రిజిస్టర్ పెట్టించిన. పాత రిమోట్లు మార్చమని మెయిల్ రాసిన. రిజిస్టర్ నడుస్తున్నది. మెయిల్‌కు జవాబు రాలేదు.

ఇక్కడ తమ్ముళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలె, ఎపిసోడ్‌లో కూడా చెప్పిన. ఇదంతా చదివి ఆన్‌లైన్‌లో డాంగిల్, వాకీటాకీ ఆర్డర్ పెట్టకండి. గల్ఫ్ దేశాల్లో రేడియో పరికరాలకు ప్రభుత్వం అనుమతి కావాలె, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే మన ఇంగ్లిష్‌తోని, అరబీతోని సమజాయించలేం. వినడమే కదా అనుకోవద్దు. మన దేశంలో కూడా రేడియోలో మాట్లాడాలంటే పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలె. ఆ పరీక్ష పెద్ద కష్టం కాదు, ఐటీఐ చదివినోళ్లకు సగం వచ్చినట్టే. సెలవులో పోయినప్పుడు కనుక్కోండి.

మరి మిటోలా ఆశ ఏమైంది అంటే, చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంది. మీ రూం పైన కనపడే సెల్ టవర్‌లో ఇవాళ ఒకే పెట్టె 2జీ, 4జీ రెండూ నడిపించగలదు, కొత్తది వస్తే చాలావరకు ప్రోగ్రాం మారుస్తరు. మన నేవీ కోసం వెయ్యి కోట్ల రూపాయలకు పైన విలువైన సాఫ్ట్‌వేర్ రేడియోలకు 2021 ఫిబ్రవరిలో రక్షణ శాఖ భారత్ ఎలక్ట్రానిక్స్‌తో ఒప్పందం చేసుకుంది. అన్నీ ఒకేసారి మాట్లాడే మహా డబ్బా మాత్రం ఎవరి జేబులోకీ రాలేదు. రెండు మూడు భాషలు మాట్లాడే చిన్న డబ్బాలు వచ్చినయి.

మా దగ్గరికి కూడా వచ్చింది. పోయిన ఏడాది కొత్త సైట్ మొదలైనప్పుడు రేడియోల వెండర్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చిండు. కేబుల్ గుచ్చి ఒక్కో సెట్‌కు ప్రోగ్రాం ఎక్కిస్తున్నడు, ఫిలిప్పీన్స్ పిల్లగాడు. చానల్ 1 నుంచి 8 దాకా డిజిటల్, 9 నుంచి 16 దాకా అనలాగ్. ఒకే సెట్, రెండు భాషలు. నేను పక్కన కూర్చుని చూస్తున్న. పదేళ్ల కింద ఆ క్యాబిన్‌లో కావాల్సింది ఇదే. స్కాన్ అనే గడిలో టిక్ పెట్టమన్న, రెండు దిక్కుల నుంచి ఎవరు పిలిచినా పడేటట్టు. వాడు పెట్టిండు. ఒక్కో సెట్‌కు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సిరిసిల్ల పిల్లగానికి ఫోన్ చేసి చెప్పిన. ఇప్పుడు ఊర్ల కిరాణా దుకాణం పెట్టుకున్నడు, ఎడమ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. అంతా విని, "అయితే అన్నా, మన రిపోర్ట్‌లో బ్యాటరీ అని రాసింది తప్పన్నట్టు కదా?" అన్నడు. అవున్రా అన్న. దుకాణంలోకి ఎవరో వచ్చినట్టున్నది, మళ్ల చేస్తనని పెట్టేసిండు.

ఆ సెట్లు పంచినంక మా క్రేన్ ఆపరేటర్, ఈసారి నేపాల్ ఆయన, కొత్త రేడియో మెడకు వేసుకున్నడు. పాతది కూడా సంచిలో పెట్టుకుని నిచ్చెన ఎక్కుతుంటే అడిగిన, అది ఎందుకు భాయ్ అని. ఉండనీ సాబ్ అన్నడు. నేను దాని బ్యాటరీ చార్జింగ్ ఉన్నదా లేదా చూసి, పైకి పోనిచ్చిన.